ఇంటి మీద పావురాలు గూళ్లు కట్టకుండా ఏం చేయాలి? చోటు మూయండి, పక్షిని తోలకండి

అపార్ట్‌మెంటు కిటికీల పైన, ఏసీ డబ్బా వెనక పావురాలు గూళ్లు కడుతున్నాయనీ, ఎన్నిసార్లు తోలినా మళ్లీ వస్తున్నాయనీ, వాటిని రాకుండా చేసే ఉపాయం చెప్పమనీ అడిగారు. నెల్లూరు వేదాయపాళెంలో మూడో అంతస్తులో ఉంటూ ఇదే బాధ పడినవాణ్ణి కనుక నా అనుభవం చెబుతున్నాను. పక్షిని బెదిరించే ఉపాయం ఏదీ నిలవదు. అది గూడు పెట్టుకునే చోటును మూయాలి, అదీ అందులో గుడ్లూ పిల్లలూ లేనప్పుడు మూయాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

అద్దం ముక్కలు, పాత సీడీలు, కలరా ఉండలు, మెరిసే రిబ్బన్లు, ప్లాస్టిక్ గుడ్లగూబ, అన్నీ కొన్నాను, అన్నీ కట్టాను. ఏదైనా మూడు నాలుగు రోజులే. తనకు హాని చేయని వస్తువు అని తెలుసుకున్నాక పావురం దాని పక్కనే కూర్చుంటుంది. మనుషుల చెవికి వినపడని శబ్దం చేస్తుందని చెప్పి అమ్మే యంత్రానికి డబ్బు పోయకండి, మా ఇంట్లో అది కరెంటు కాల్చడం తప్ప ఏమీ చేయలేదు.

మా ఇంట్లో అసలు సంగతి ఏప్రిల్ నెల మధ్యలో బయటపడింది. అమ్మ గదిలో ఏసీ సరిగా చల్లబడటం లేదని మెకానిక్‌ను పిలిచాను. బయటి డబ్బా వెనక వైపు నుంచి గాలి పీల్చుకుని వేడిగాలిని ముందుకు వదులుతుంది. ఆ వెనక సందులోనే గూడు ఉంది. కొబ్బరి ఈనెలు, వేప పుల్లలు, పక్క వీధిలో కడుతున్న భవనం నుంచి తెచ్చిన బైండింగ్ వైరు ముక్కలు, వాటి మధ్య రెండు తెల్లని గుడ్లు. మెకానిక్ వెంటనే ఏసీ ఆపేయమన్నాడు. ఆ సాయంత్రమే వల కట్టేవాణ్ణి పిలిపిస్తే, అతను తొంగి చూసి, "గుడ్లు కింద పడేస్తాను సార్, అయిదు నిమిషాల పని" అన్నాడు. ఆ మాట అమ్మ చెవిన పడింది.

అమ్మ పుట్టిల్లు దొరవారిసత్రం వైపు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కానీ, మాకు అది ఇప్పటికీ నెల్లూరు సీమే. అక్కడి నేలపట్టు చెరువులో నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టడం, వాటి రెట్టలు కలిసిన చెరువు నీరు పైరుకు బలమని పెద్దలు చెప్పుకోవడం ఆమె చిన్ననాటి నుంచి చూసినవి, విన్నవి. "గుడ్లు పెట్టినాక గూడు కదపకూడదురా. అవి ఎగిరిపోయినాకే కట్టించు" అని ఒక్కమాట చెప్పి, తన దిండూ దుప్పటీ తీసుకుని హాల్లో ఫ్యాన్ కిందికి మారిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా అడవి పక్షుల గుడ్లు పాడుచేయడాన్ని, గూళ్లను కదిలించడాన్ని వేట కిందే లెక్కిస్తుంది. అమ్మకు ఆ చట్టం సంగతి తెలియదు.

పావురం గుడ్లు పొదగడానికి 17 నుంచి 19 రోజులు పడుతుంది. తరువాత పిల్లలు ఎగరడానికి మరో నెల. అంటే నెల్లూరు ఎండలు ముదిరే కాలమంతా, రోహిణి కార్తె కూడా కలుపుకుని, ఆ గదిలో ఏసీ వేయలేదు. పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చిన మొదటి వారంలో పసుపుపచ్చని సన్నని నూగుతో, ఒంటికి మించిన ముక్కుతో ఉండేవి. తల్లీ తండ్రీ వంతులవారీగా వచ్చి, తమ గొంతు సంచిలో ఊరే పాలలాంటి పదార్థాన్ని వాటి నోట్లోకి పోసేవి. పావురాలు గూట్లోంచి పిల్లల రెట్ట తీసి పారేయవు కనుక, చివరికి ఆ పుల్లలన్నీ రెట్టతో గట్టిపడి సిమెంటు గిన్నెలాగా తయారయ్యాయి.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. ఎండిన రెట్టను చీపురుతో ఊడవకండి. ఆ ధూళి పీలిస్తే ఊపిరితిత్తులు వాచే జబ్బులు వస్తాయి. అమ్మకు ఎప్పటినుంచో ఆయాసం ఉంది కనుక నాకు ఈ భయం ఎక్కువ. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో బాగా తడిపి, అరగంట నాననిచ్చి, తడిగానే గీకి సంచిలో కట్టేశాను.

గూడు తీసిన రోజే చోటు మూయాలి. పిల్లలు ఇంకా గూట్లో ఉండగానే తల్లి మళ్లీ గుడ్లు పెట్టగలదు కనుక, ఒక్క వారం ఆలస్యం చేసినా మళ్లీ మొదటికి వస్తారు. ఈ పని నాకు సరిగా నేర్పినవాడు నా బావమరిది. అతనికి ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు ఉన్నాయి. ఒక గుంటలో జబ్బు చేసిన రొయ్యను కాకి ఎత్తుకుని పక్క గుంటలో పడేస్తే తెల్లమచ్చ వ్యాధి అక్కడికీ పాకుతుంది, అందుకే గుంటల మీద అడ్డంగా దారాలు లాగి పక్షుల్ని ఆపుతారు. మా గోడను చూసి అతను, "బావా, మేం కాకుల్ని అరిచి తోలం. దిగే సందే లేకుండా దారం కడతాం. నువ్వు కూడా సందు చూడు, పక్షిని చూడబాక" అన్నాడు. అతనే ఎండకు పాడవని నైలాన్ వల, రెండంగుళాల కన్నుది, తెచ్చి ఏసీ పలక పైనుంచి కింది దాకా బిగించాడు. మేకులు జానెడు ఎడంలో వేశాడు. వల వదులుగా వేలాడితే పావురం కింది మూల నుంచి దూరి ఇరుక్కుని చనిపోతుంది. కిటికీ పైపలకల మీద మాత్రం వల కాకుండా, బాగా ఏటవాలుగా రేకు బిగించాము. వాలు మీద గూడు నిలవదు.

నిజానికి ఈ తప్పు ఇళ్లు కట్టేవాళ్లది. పావురం పూర్వం కొండచరియల పక్షి. ఏసీ కోసం వదిలే పలక, పైపుల కోసం వదిలే చీకటి సందు దానికి కొండచరియే. ఆ సందుకు కడుతున్నప్పుడే జాలీ వేస్తే ఎంత ఖర్చవుతుంది? మా అపార్ట్‌మెంటు సమావేశంలో ఈ మాట అంటే, ఒకాయన గేటు పక్కనున్న వేపచెట్టు కొట్టించమన్నారు. పావురాలు వేపచెట్టు మీద గూడు కట్టవని ఆయనకు నచ్చజెప్పడానికి గంట పట్టింది. చెట్టు నిలిచింది.

మేడ మీద రోజూ గింజలు పోసేవారితో కూడా మాట్లాడండి. తద్దినం నాడు కాకికి పెట్టే ముద్ద వేరు, రోజూ పళ్లెం నిండా పోసే జొన్నలు వేరు. ఏడాది పొడవునా మేత దొరికితే పావురం ఏడాది పొడవునా గుడ్లు పెడుతుంది. ముంబైలో 2025లో పావురాలకు మేత వేసే చోట్లను మూయించే దాకా వచ్చింది.

పిచ్చుకలను మాత్రం ఈ లెక్కలో కలపకండి. వాటిని కూడా ఆపాలంటే ముప్పావు అంగుళం కన్ను ఉన్న వల కావాలి, మేము కావాలనే అది వేయలేదు. మా వరండాలో అమ్మ కట్టిన వరి కంకుల కుచ్చు ఉంది. ఈ రెండంగుళాల కన్నులోంచి పిచ్చుక రెక్కలు ముడుచుకుని దూరి, గింజలు తిని, మళ్లీ అందులోంచే వెళ్లిపోతుంది.