టెక్ సందేహాలు: పచ్చ టిక్కుకు కనిపించని ఆయిల్ మరక

ప్రశ్న: నాది పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి. తెల్లారేసరికి కింద అరచేయంత ఆయిల్ మరక ఉంటోంది. ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే చిన్న పరికరం) పెట్టి ఫోన్ యాప్‌తో స్కాన్ చేస్తే ‘అంతా బాగుంది’ అని పచ్చ టిక్ వస్తోంది. ఇంకా మంచి స్కానర్ కొంటే లీక్ ఎక్కడో తెలుస్తుందా? సందుల్లోకి దూర్చి చూసే వైఫై ఎండోస్కోప్ కెమెరా కూడా కొందామనుకుంటున్నాను.

జవాబు: ఎంత ఖరీదైన స్కానర్ కొన్నా తెలియదు. ఇదే ప్రశ్న బండి మారి, యాప్ మారి పదే పదే వస్తోంది. సెన్సర్లు కంప్యూటర్‌కు చెప్పిందే ఓబీడీ పోర్టు మనకు చెబుతుంది. పాత బండ్లలో డిఫరెన్షియల్‌కు (యాక్సిల్ మీద రెండు చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) గానీ ట్రాన్స్‌ఫర్ కేస్‌కు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే పెట్టె) గానీ ఆయిల్ మట్టం కొలిచే సెన్సరే ఉండదు. డిఫరెన్షియల్ చుక్క నూనె లేకుండా ఎండిపోయినా ఆ టిక్ పచ్చగానే ఉంటుంది. ‘నేను చూడగలిగిన వాటిలో లోపం లేదు’ అనాల్సిన చోట ‘అంతా బాగుంది’ అని రాయడం బాధ్యత లేని డిజైన్. దాన్ని నమ్మి గేర్లు అరగ్గొట్టుకునేది బండి యజమానే.

ముందు కారేది ఏ ఆయిలో తేల్చుకోండి. రాత్రి బండి కింద శుభ్రమైన అట్ట పరిచి, చక్రాలు ఎక్కడున్నాయో దానిమీద గీసుకోండి. నల్లగా, పల్చగా ఉంటే ఇంజిన్ ఆయిల్. చిక్కగా ఉండి గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్. ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ కావచ్చు. కానీ చాలా పవర్ స్టీరింగుల్లోనూ, చెయిన్‌తో నడిచే చాలా ట్రాన్స్‌ఫర్ కేసుల్లోనూ అదే పోస్తారు. రంగు ఒక్కటే చూసి గేర్‌బాక్స్ దింపించకండి.

చుక్క రాలిన చోటే లీక్ ఉందనుకోవడం పెద్ద పొరపాటు. బండి పోతుంటే గాలి నూనెను వెనక్కి తోస్తుంది. ఆగాక అది జారి, అన్నిటికంటే దిగువనున్న బోల్టు దగ్గర చుక్క కడుతుంది. మీరు వెతకాల్సింది తడి మొదలైన చోటు, అంటే అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు తడిసిన చోటు. అడుగు భాగమంతా డీగ్రీజర్‌తో కడిగి, ఆరాక 15–20 కిలోమీటర్లు నడిపి, ఆపగానే టార్చి వేసి చూడండి. అప్పటికీ తేలకపోతే యూవీ డై (యూవీ లైటు వేస్తే మెరిసే రంగు) వాడొచ్చు. దాన్ని అనుమానమున్న ఒక్క భాగంలోనే కలపాలి. అన్నిట్లో పోస్తే అన్నీ ఒకేలా మెరుస్తాయి.

సీలు (షాఫ్టు చుట్టూ నూనె కారకుండా ఆపే వలయం) మార్చేముందు బ్రీదర్ చూడండి. యాక్సిల్ మీదుండే ఆ చిన్న గాలి గొట్టం మట్టితో పూడుకుంటే, వేడికి లోపల పెరిగిన ఒత్తిడి నూనెను సీలు దాటించి బయటికి నెడుతుంది. ఇది తెలియక కొత్త సీళ్లు వేయించి, అవీ కారుతున్నాయని రాసేవాళ్లు చాలామంది. తర్వాత మట్టం చూడండి. ఎక్కువ బండ్లకు, చదునైన నేల మీద, ఫిల్లర్ రంధ్రం కింది అంచుదాకా ఉండాలి. నూనె దించాలంటే ముందు ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోండి. అది పట్టేసిందని నూనె దించాక తెలిస్తే బండి అక్కడే ఆగిపోతుంది. గేర్‌బాక్స్ మట్టం తగ్గి ట్రాన్స్‌ఫర్ కేస్ మట్టం పెరిగితే, ఆ రెంటి మధ్యనున్న సీలు పోయినట్టే. అలాంటప్పుడు నేలమీద మరకే ఉండకపోవచ్చు.

పినియన్ సీలు (డిఫరెన్షియల్‌లోకి ప్రొపెల్లర్ షాఫ్టు చేరే చోటుండే సీలు) దగ్గర తడుంటే, ఆ షాఫ్టును బిగించే ఫ్లాంజ్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఊగితే బేరింగ్ అరిగిందన్నమాట, సీలు ఒక్కటే మార్చడం దండగ. ఊగకపోయినా, సీలు ఆనే చోట గాడి పడిందేమో గోటితో తడమండి. గాడి ఉంటే దాన్ని కప్పే పల్చటి తొడుగు, అంటే రిపేర్ స్లీవ్ వేయాలి, లేదా ఫ్లాంజ్ మార్చాలి. చాలా బండ్లలో ఫ్లాంజ్‌ను పట్టి ఉంచే నట్టు కింద, బిగించేకొద్దీ నలిగే క్రష్ స్లీవ్ ఉంటుంది. కసికొద్దీ బిగిస్తే బేరింగ్ ప్రీలోడ్ (దాని మీద ఉండాల్సిన బిగువు) చెడి, బేరింగ్ వేడెక్కి పోతుంది.

టైరు లోపలివైపు తడిస్తే వాయిదా వేయకండి. యాక్సిల్ సీలు దాటిన నూనె బ్రేక్ లైనింగ్‌కు పట్టి ఉండొచ్చు. ఇంకో మాట: ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే గేర్‌లో పెట్టినా బండి దొర్లుతుంది. కిందికి దూరేముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, స్టాండ్ల మీద నిలపండి. జాక్‌ను నమ్మి దూరకండి.

ఇక నన్ను లీక్ కన్నా ఎక్కువ భయపెడుతున్నది ఆ డాంగిల్. ఓబీడీ పోర్టులో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది. తాళం తీసేసినా డాంగిల్ మేలుకునే ఉంటుంది. చవకరకం వాటిలో బ్లూటూత్ పిన్ 1234 లేదా 0000, మార్చే వీలుండదు. వైఫై రకాల్లో చాలావాటికి పాస్‌వర్డే ఉండదు. పక్కన నిలబడ్డ ఎవరైనా జతపడి మీ బండి నెట్‌వర్క్‌లోకి సందేశాలు పంపొచ్చు. 2015లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, సిమ్ ఉన్న ఇలాంటి డాంగిల్‌కు ఎస్ఎంఎస్‌లు పంపి ఒక కారు వైపర్లు తిప్పారు, తక్కువ వేగంలో బ్రేకులు వేయించారు, పనిచేయకుండానూ చేశారు. మీ పాత బండి బ్రేకులు కంప్యూటర్ చేతిలో లేకపోవచ్చు. అదే డాంగిల్‌ను రేపు ఇంట్లోని కొత్త కారుకు పెడితే?

ఎండోస్కోప్ బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్యనుండే తొడుగు) పైభాగం చూడ్డానికి పనికొస్తుంది, కొనండి. కానీ పెట్టె మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, యాప్ స్టోర్ బయటి నుంచి ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) దించుకోమనేది వద్దు. కెమెరా చూపించే యాప్‌కు మీ కాంటాక్టులూ మెసేజ్‌లూ ఎందుకు? కేబుల్‌తో ఫోన్‌కు తగిలించేదో, సొంత స్క్రీన్ ఉన్నదో తీసుకోండి.

డాంగిల్‌తో కోడ్ చదవడం అయిపోగానే ఊడదీసి, ఫోన్‌లో పెయిరింగ్ తొలగించి, యాప్‌కిచ్చిన లొకేషన్ అనుమతి కూడా తీసేయండి.