‘నియంత’ అన్న మాట దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మొదటి వాక్యం దగ్గరే ఎర్ర కలం తీయవలసి వచ్చింది. “నియంతల గురువు మాకియవెల్లి” అని రాశావు. అది చదివి రాసిన మాట కాదు, విని రాసిన మాట.

ఆ ఇటలీ రాజనీతి రచయిత పుస్తకాల్లో ‘ప్రిన్స్’ ఒక్కటే తిరగేసినట్టున్నావు. పలుచని పుస్తకం, ఒక్క రాత్రిలో అయిపోతుంది. రోము చరిత్ర మీద ఆయన రాసిన ‘డిస్కోర్సెస్’ లావుపాటిది కాబట్టి దాని జోలికి వెళ్ళేవాళ్ళు తక్కువ. అందులో మొదటి భాగం, 34వ అధ్యాయం తెరువు. అక్కడ ఆయన నియంతను మెచ్చుకున్న మాట నిజమే. కానీ రోములో అది ఒక పదవి. ఆపద ముంచుకొచ్చినప్పుడు ఒకరిని నియమిస్తారు. ఆరు నెలలు గడువు. ఎవరినీ సంప్రదించనక్కరలేదు, తీర్పు మీద అప్పీలు లేదు. అయినా సెనేటును తీసేయలేడు, రాజ్యవ్యవస్థను మార్చలేడు. రెండున్నర ఎకరాల రైతు సిన్సినాటస్ నాగలి వదిలి వచ్చి, ముట్టడిలో చిక్కిన సైన్యాన్ని విడిపించి, పదహారో రోజున పదవి దిగిపోయాడని రోము చరిత్రకారుడు లివీ రాశాడు.

తరువాతి అధ్యాయం ఇంకా పదునైనది. రోములో చట్టాలు రాయడానికి జనం ఓట్లతోనే పదిమందిని ఎన్నుకున్నారు. వాళ్ళు పీడకులయ్యారు. ఎందుకని? ఏటేటా ఎన్నికయ్యే పాలకులు కాన్సుళ్ళు లేరు, సామాన్యుల తరఫున అడ్డుపడే ట్రిబ్యూన్లు లేరు, అప్పీలు లేదు, కనిపెట్టి చూసే కన్ను లేదు. ఒకడు అధికారంలోకి ఎలా వచ్చాడన్నది ఒక్కటే చూస్తే చాలదు, వచ్చాక అతన్ని ఆపగలిగేవాడు ఎవడన్నది కూడా చూడాలి. నీ వ్యాసంలో ఈ రెండో ప్రశ్న లేనే లేదు.

సీజర్ మీద నువ్వు రాసిన పేరా బాగా పొంగింది, నాకు నచ్చలేదు. ‘డిస్కోర్సెస్’ మొదటి భాగం పదో అధ్యాయంలో మాకియవెల్లి మనబోటి రాతగాళ్ళనే పట్టుకున్నాడు. సీజర్‌ను కీర్తించినవాళ్ళు అతని వైభవానికి లొంగారు, అతని పేరుతో సాగిన ఏలుబడికి జడిశారు అన్నాడు. వాళ్ళు స్వేచ్ఛగా రాసి ఉంటే ఏమనేవారో తెలియాలంటే రోములో అధికారం చేజిక్కించుకోవాలని కుట్ర పన్ని విఫలమైన కాటిలైన్‌ను ఎలా తిట్టారో చూడమన్నాడు. కాటిలైన్ తలపెట్టాడంతే, సీజర్ చేసి చూపాడు.

ఇది రాసినవాడేమీ కడిగిన ముత్యం కాదులే. 1513లో ఫ్లోరెన్స్‌ను ఏలిన మెడిచీ వంశం వాళ్ళ హయాంలో చెరసాలలో పడి, చేతులు వెనక్కి కట్టి తాడుకు వేలాడదీయించుకున్నాడు. ఆ మెడిచీలకే ‘ప్రిన్స్’ అంకితమిచ్చాడు. విడుదలయ్యాక పల్లెలో మరపట్టేవాడితో, కసాయితో పేకాడి, సాయంత్రం బురద బట్టలు విప్పి, దర్బారు దుస్తులు తొడుక్కుని పాత గ్రంథాల ముందు నాలుగు గంటలు కూర్చునేవాడు. ఈ మనిషి నీ వ్యాసంలో ఎక్కడా కనబడలేదు.

అన్నట్టు, “లక్ష్యం మార్గాన్ని సమర్థిస్తుంది” అన్నది ఆయన వాక్యం కాదు. కొటేషన్ గుర్తులు తీసెయ్యి. ‘ప్రిన్స్’ 18వ అధ్యాయంలో ఉన్నది వేరు: రాజు చేసిన పనికి విచారించే న్యాయస్థానం లేనప్పుడు జనం ఫలితాన్నే చూస్తారని. రెండూ పక్కపక్కన రాసుకుని, ఆ పేరా మళ్ళీ రాసి పంపు.