డీజిల్ పోసుకున్న ప్రతిసారీ చేతులకు జిడ్డు ఎందుకు అంటుతుంది?

"డీజిల్ కారు కొన్నాక బంకుకు వెళ్లిన ప్రతిసారీ చేతులు జిడ్డవుతున్నాయి, కారంతా కంపు కొడుతోంది. నాకు గన్ను పట్టుకోవడం చేతకాదా?" అని అడిగారు. మీ చేతకానితనమేమీ కాదండీ. తప్పంతా మీకంటే ముందు ఆ గన్ను పట్టుకున్న పుణ్యాత్ముడిది. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

మనమే పోసుకునే బంకులో ఒకసారి నా ముందు ఒకాయన పెద్ద బండికి డీజిల్ పోసుకుంటున్నాడు. గన్ను టక్కుమని ఆగింది. ఆయన ఆగలేదు. మీటర్ మీదే కళ్లు పెట్టి ఇంకోసారి నొక్కాడు, టక్. మళ్లీ నొక్కాడు, టక్. అంకె గుండ్రంగా రావాలట! చివరికి నురగ పైకి తన్ని, మూత దగ్గర పొంగి, బండి పక్కనుంచి చారలు కట్టింది. ఆయనకు అదేం పట్టలేదు. గన్ను బయటికి లాగి, అలాగే కారుతుండగా తగిలించి వెళ్లిపోయాడు. తుడుచుకుందామంటే కాగితాల డబ్బా ఖాళీ. ఎప్పుడు వెళ్లినా అది ఖాళీగానే ఎందుకుంటుందో నాకు అర్థం కాదు. గన్ను తీసి కిందికి వంచానో లేదో, గొట్టం చివర నిలిచిపోయిన డీజిల్ బొళ్లున నా బూటు మీద పడింది. పిడికి అంటుకున్నది మెల్లగా వేళ్ల సందుల్లోంచి చొక్కా కఫ్‌లోకి పాకింది. ఆ రోజు నేను కలవాల్సిన మనిషి నాతో మాట్లాడినంతసేపూ కుర్చీ వెనక్కి జరుపుకుంటూనే ఉన్నాడు.

పెట్రోల్ వాళ్లకు ఈ బాధ లేదా అంటే, పెట్రోల్ కూడా ఒలుకుతుంది. కాకపోతే ఒలికింది ఒలికినట్టే ఆవిరైపోతుంది, సాక్ష్యం మిగలదు. పెట్రోల్ ఫ్లాష్ పాయింట్, అంటే మంట అందుకునేంత ఆవిరి పుట్టే వేడి, సున్నాకు దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ కింద. డీజిల్‌కు అది కనీసం 55 డిగ్రీలకు పైన ఉండాలని యూరప్ ప్రమాణం. అందుకే పొద్దున ఎవరో ఒలకబోసిన డీజిల్ సాయంత్రం మీ చెప్పుల కిందికి వస్తుంది, అక్కడినుంచి క్లచ్ పెడల్ మీదికి, కార్పెట్‌లోకి.

ఇక ఆ టక్ సంగతి. గన్ను గొట్టం కొసన చిన్న రంధ్రం ఉంటుంది. డీజిల్ పారుతున్నంతసేపూ అందులోంచి గాలి లోపలికి లాగుతూ ఉంటుంది. ద్రవమో నురగో వచ్చి ఆ రంధ్రాన్ని మూసిందంటే గాలి ఆగి, లోపలి పొర లాక్కుని, మీట పడిపోతుంది. కరెంటూ లేదు, సెన్సరూ లేదు. డీజిల్‌తో చిక్కేమిటంటే దానికి నురగెక్కువ. నురగ తగ్గించే సిలికాన్ మందు కొద్దిగా కలిపే డీజిల్ కూడా ఉంది గానీ, జోరుగా పోస్తే నురగ రాకమానదు. దాంతో ట్యాంకు నిండకముందే టక్‌మంటుంది. "ఇంకా పడుతుందిలే" అని మనవాడు మళ్లీ నొక్కుతాడు. అర నిమిషం ఆగితే నురగ తనంతట తానే అణుగుతుంది. ఆ అర నిమిషం ఎవరికీ ఉండదు!

లారీల కోసం పెట్టిన పంపు దగ్గరికి కారు తీసుకెళ్లకండి. దాని గొట్టం లావు, జోరు ఎక్కువ. కారు ట్యాంకు దారి సన్నగా వంపులు తిరిగి ఉంటుంది, అంత జోరును తట్టుకోలేక వెనక్కి తంతుంది. క్యూ లేదు కదా అని వెళ్తే మిగిలేది స్నానమే.

నా అసలు కోపం మాత్రం బూటు గురించి కాదు. మూతిదాకా నింపుకున్న బండి మలుపు తిరిగితే చాలు, మూత సరిగ్గా బిగియకపోతే అక్కడంతా డీజిల్ చిమ్ముతుంది. కారుకు ఏమీ కాదు. వెనకొచ్చే టూవీలర్‌కు అవుతుంది. ఆ జిడ్డు నీళ్లు పోస్తే పోదు, పైగా ఇంకా జారుతుంది. ఇసుకో, పీల్చుకునే పొడో చల్లాలి. తారు కూడా దాంట్లో నాని మెత్తబడుతుంది. ఎండకు ఇంధనం వ్యాకోచిస్తుంది కూడా. ట్యాంకులో 50 లీటర్లుండి, వేడి 20 డిగ్రీలు పెరిగితే, సుమారు ముప్పావు లీటరు అదనంగా చోటు అడుగుతుంది. ఆ చోటు ఉంచడానికే మొదటి టక్‌కు ఆగమనేది. గుండ్రటి అంకె పిచ్చి ఉన్నవాళ్లకు ఇది ఎవరు చెప్తారు?

మీరు అడిగినదానికి వస్తే, మీట సగమే నొక్కండి, నురగ తగ్గుతుంది. టక్‌మన్నాక గన్నును లోపలే ఉంచి పది అంకెలు లెక్కపెట్టండి. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి. తీసేటప్పుడు గొట్టం కొసను పైకి తిప్పుతూ తీయండి. కారులో పాత గుడ్డో, పల్చటి గ్లవుజులో పెట్టుకోండి, బంకు డబ్బాను నమ్ముకోవద్దు. చేతికి అంటితే ముందే నీళ్లు పెట్టకండి. పొడి చేతికి గిన్నెలు తోమే లిక్విడ్ పట్టించి బాగా రుద్దాకే కడగండి. శానిటైజర్ పూస్తే నా చేతికైతే రెండు వాసనలు మిగిలాయి.

స్టీరింగ్‌కు అంటినా అదే లిక్విడ్‌తో తడిగుడ్డ పెట్టి తుడిస్తే చాలావరకు పోతుంది. గుడ్డ కవరు తొడిగి ఉంటే మాత్రం ఆశ వదిలేసుకోండి, నేనైతే కవరే మార్చేశాను.