అడ్వాన్స్ తీరలేదని అక్కను పంపడం లేదు: డబ్బు కట్టి విడిపించుకోవాలా?

ప్రశ్న: మా అక్క, బావ, ఇద్దరు పిల్లలు పక్క జిల్లాలో ఇటుక బట్టీలో పని చేస్తున్నారు. మేస్త్రీ ద్వారా 60,000 రూపాయలు అడ్వాన్స్ తీసుకుని వెళ్లారు. రెండు సీజన్లు అయ్యాక ఇంకా 85,000 బాకీ ఉందని ఓనర్ అంటున్నాడు. ఖాళీ ప్రామిసరీ నోటు మీద బావ వేలిముద్ర తీసుకున్నాడు, ఆధార్ కార్డులు కూడా ఆయన దగ్గరే ఉన్నాయి. పండక్కి బావ ఒక్కడినే పంపి, అక్కని, పిల్లల్ని అక్కడే ఉంచుకున్నాడు. అడిగితే చీటింగ్ కేసు పెడతానంటున్నాడు. బానిసత్వం ఎప్పుడో పోయింది కదా, మరి దీన్ని అప్పు తగాదా కిందే చూడాలా? ఎలాగోలా డబ్బు సర్ది వాళ్లను తెచ్చుకుందామనుకుంటున్నాం. మంచిదేనా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు చివరి ప్రశ్నకు చెప్తాను, మీరు ఈపాటికే డబ్బు కోసం తిరుగుతుంటారు కాబట్టి. కట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది వెట్టిచాకిరీ. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1976 ప్రకారం అలాంటి అప్పు చెల్లదు. 6వ సెక్షన్ కింద దాన్ని తీర్చే బాధ్యతే ఉండదు, దాని వసూలుకు సివిల్ కోర్టులో దావా కూడా వేయలేరు. రద్దయిన అప్పు కింద డబ్బు పుచ్చుకోవడం 9వ సెక్షన్ ప్రకారం నేరం, మూడేళ్ల దాకా జైలు. అంటే మీరు 85,000 తీసుకెళ్లి చేతిలో పెడితే, పుచ్చుకున్నందుకు ఓనర్ నేరస్థుడవుతాడు. అయినా మీ డబ్బు పోతుంది, పైగా 'లెక్క తేలిపోయింది' అని ఆయన కాగితం రాయించుకుంటాడు. ఆ కాగితం తర్వాత మీకే అడ్డం వస్తుంది.

బానిసత్వం పోయింది కదా అన్నారు. మన దేశంలో 1843లో ఒక చట్టం చేశారు: మనిషిని ఆస్తిగా చూపించి ఎవరు హక్కు అడిగినా కోర్టులు ఒప్పుకోకూడదని. తర్వాత సరిగ్గా 16 ఏళ్లకు, 1859లో ఇంకో చట్టం వచ్చింది. అడ్వాన్స్ తీసుకున్న కూలీ పని మానేసి వెళ్తే మేజిస్ట్రేట్ అతన్ని తిరిగి పనిలోకి పొమ్మని ఆదేశించవచ్చు, కాదంటే జైల్లో పెట్టవచ్చు. మనిషిని అమ్మడం, కొనడం ఆగింది గానీ అడ్వాన్స్ అతన్ని పట్టి ఉంచింది. ఆ చట్టాన్ని 1925లో రద్దు చేశారు. చీటింగ్ కేసు పెడతానంటున్న మీ ఓనర్‌కు ఆ విషయం ఇంకా తెలిసినట్టు లేదు!

1976 చట్టంలో వెట్టిచాకిరీ అంటే ఏమిటో చెప్పే చోట దేశంలోని రకరకాల పద్ధతుల పేర్ల జాబితా ఒకటి ఉంటుంది. అందులో భగేలా ఉంది, జీతా ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. లా చదివే రోజుల్లో ఆ జాబితా మొదటిసారి చూసి కాసేపు పేజీ తిప్పలేకపోయాను. మా ఊళ్లో 'ఫలానా ఆసామి దగ్గర జీతం ఉన్నాడు' అనేది ఎంత మామూలు మాటో గుర్తొచ్చింది.

ఇక మీ కేసు. అప్పుకు బదులు చేసే పనిలో కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడం, వేరే చోట పని చేసుకోనివ్వకపోవడం, కదలనివ్వకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెట్టిచాకిరీ అనడానికి చాలు. మీ అక్కను, పిల్లల్ని ఉంచుకుని బావను మాత్రమే పంపడం కన్నా కదలనివ్వకపోవడానికి వేరే రుజువు ఎందుకు? గొలుసులు, తాళాలు చూపించాల్సిన పని లేదు. ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఆకలి, పేదరికం కూడా బలవంతమేనని చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని తేల్చింది.

ఒక మాట మాత్రం చెప్పాలి. అడ్వాన్స్ ఇచ్చిన ప్రతి యజమానీ నేరస్థుడు కాడు. కూలీ తనకిష్టమైనప్పుడు మానేయగలిగి, సరైన కూలి అందుతుంటే అది మామూలు అప్పే.

60,000 కాస్తా 85,000 ఎలా అయిందో మీరు రాయలేదు, నేను ఊహించగలను. ఇలాంటి ఒక కేసులో బట్టీ లెక్కల పుస్తకం నా చేతికి వచ్చింది, స్కూలు పిల్లల రూళ్ల నోటుబుక్కు. ఒక పక్క చేసిన ఇటుకల సంఖ్య. ఇంకో పక్క వారం ఖర్చులకు ఇచ్చింది, జ్వరం మాత్రలు, వచ్చినప్పటి లారీ బాడుగ. ఒకచోట 'వానకు కరిగిన ఇటుకలు' అని రాసి కూలి కోత! వాన పడితే నష్టం కూడా కూలీదే. ఎన్ని వేల ఇటుకలు చేసినా కింద బాకీ పెరుగుతూనే ఉంది. మీ బావకు ఆ పుస్తకం పేజీ ఒక్కటైనా ఫోన్లో ఫోటో తీసుకునే వీలుంటే తీసుకోమనండి. లేకపోయినా టెన్షన్ పడొద్దు. ఇది వెట్టి అప్పని కూలీ అంటే, కాదని నిరూపించుకోవాల్సింది ఓనరే (15వ సెక్షన్).

ఖాళీ నోటుకు భయపడకండి. చెల్లని అప్పుకు రాసిన నోటు కూడా చెల్లదు. అడ్వాన్స్ తీర్చకుండా వెళ్లిపోవడం ఒక్కటే చీటింగ్ కాదు. తీసుకున్న రోజే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. రెండు సీజన్లు ఇటుకలు చేసినవాడి మీద అది ఎవరూ చూపించలేరు.

దరఖాస్తు బట్టీ ఉన్న జిల్లా కలెక్టర్‌కో, అక్కడి ఆర్డీవోకో ఇవ్వండి, మీ ఊరి అధికారులకు కాదు. బంధువుగా మీరే ఇవ్వొచ్చు. నలుగురి పేర్లు, పిల్లల వయసు, బట్టీ ఎక్కడుందో, అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు, ఎవరి ద్వారా, కార్డులు ఎవరి దగ్గర ఉన్నాయి, పండక్కి ఏం జరిగింది, ఇవన్నీ రాయండి. ముందే ఓనర్‌కు గానీ మేస్త్రీకి గానీ చెప్పకండి. చెప్తే అధికారులు వెళ్లేసరికి అక్కావాళ్లను వేరే బట్టీకి మార్చేస్తారు. విచారణ ఓనర్ ఎదురుగా కాకుండా విడిగా జరగాలని దరఖాస్తులోనే అడగండి. ఆయన నిలబడి చూస్తుంటే మీ అక్క 'మేం ఇష్టంగానే ఉన్నాం' అనే చెప్తుంది.

విడిపించిన వెంటనే, వెట్టి నుంచి విడిపించామని అధికారులు ఇచ్చే విడుదల పత్రం ఒక్కొక్కరి పేరున తీసుకోండి. చాలామంది ఇంటికి చేరిన సంతోషంలో అది వదిలేసి వస్తారు. కేంద్ర పథకం కింద తక్షణ సాయం 30,000 దాకా, తర్వాత పురుషుడికి లక్ష, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షల పునరావాస సాయం ఆ పత్రం మీదే ఆధారపడుతుంది. పెద్ద మొత్తం మాత్రం కేసు తేలేదాకా సాగుతుంది, వెంటనే చేతికొస్తుందని లెక్కేసుకోకండి.

1976 చట్టం కింద నేరాలు బెయిలబుల్. ఓనర్ సాయంత్రానికల్లా బయటికొచ్చేస్తాడు. అందుకే ఎఫ్ఐఆర్‌లో భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్, అంటే మనుషుల అక్రమ రవాణా, వర్తిస్తుందేమో చూడమని అడగండి. మీ అక్కావాళ్లు ఎస్సీ లేదా ఎస్టీ అయి, ఓనర్ ఆ వర్గాలవాడు కాకపోతే అట్రాసిటీ చట్టం కూడా పడుతుంది.

లాయర్ ఫీజు గురించి ఆలోచించొద్దు. వెట్టి బాధితులకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, ఫోన్ 15100. ఈలోగా ఊరి పెద్దలెవరైనా 'సగం కట్టండి, మిగతా సగం మాఫీ చేయిస్తాం' అని వస్తే సంతకం పెట్టకండి. దరఖాస్తు ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.