గ్రామ్ నెగెటివ్‌ల కాపురాలు

అమ్మలూ,

గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా పేర్లు ఒక్కటీ బుర్రకెక్కడం లేదని కూర్చుని ఏడుస్తున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎక్కాల్లా బట్టీ పడితే ఎలా ఎక్కుతాయే? ఏది ఎక్కడ కాపురం ఉంటుందో, ఏం తిని బతుకుతుందో చూడు. పేరు వెనకాలే వస్తుంది.

ముందు స్లైడు సంగతి. బాక్టీరియాకి రంగు వేసి, ఊదా నిలిస్తే పాజిటివ్, పోతే నెగెటివ్ అని విడదీయడానికి 1884లో గ్రామ్ దొర చెప్పిన పద్ధతే ఇప్పటికీ మనది. క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు, దాన్ని పట్టి ఉంచే అయోడిన్ ఎవరైనా పోస్తారు. ఆల్కహాల్ దగ్గరే కొంప మునిగేది. స్లైడు వాల్చి చుక్కచుక్కగా వదులు. కారే చుక్కలో ఊదా పోయి తేటపడగానే నీళ్లు కొట్టెయ్. కొత్తలో నేను ఇంకో నాలుగు చుక్కలు పోసి, ఊదాగా ఉండాల్సిన పాజిటివ్ స్టెఫైలోకాకస్‌ని కూడా గులాబీ రంగులో చూపించి చీవాట్లు తిన్నాను. నెగెటివ్‌కి గోడ పలచన, దానిపైన కొవ్వు పొర. ఆల్కహాల్‌కి ఆ పొర చెదిరి ఊదా కారిపోతుంది, ఆఖర్న పోసే గులాబీ రంగు సఫ్రనిన్ పట్టుకుంటుంది.

పేగుల్లో ఉండే ఈ.కోలై మెకాంకీ ప్లేటు (బాక్టీరియాని పెంచే పళ్లెం) మీద లాక్టోజ్ అనే పాల చక్కెర తిని గులాబీ కాలనీలు కడుతుంది. సాల్మొనెల్లా, షిజెల్లా దాన్ని ముట్టవు, వెలవెలబోతూ కనబడతాయి. ప్రోటియస్‌ని రక్తం కలిపిన బ్లడ్ అగార్ ప్లేటు మీద ఓ మూల పెట్టినా తెల్లారేసరికి అలలు అలలుగా ప్లేటంతా పాకేస్తుంది. నిజానికి పేగుల్లో మంద బాక్టిరాయిడిస్‌లది. వాటికి గాలి పడదు, అందుకే మన మామూలు ప్లేట్ల మీద రావు.

సూడోమోనాస్‌కి తడి ఉంటే చాలు, సింకులో కూడా బతికేస్తుంది. ప్లేటు పచ్చబడుతుంది, ద్రాక్షపళ్ల వాసన. మేం మూత తీసి మరీ వాసన చూసేవాళ్లం, నువ్వు ఆ పని చెయ్యకు. ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటే ఊదా రంగు చూపించే పరీక్షకి కాలనీని పుల్లతో తియ్యి. నైక్రోమ్ తీగ లూపుతో తీస్తే లేని ఊదా రంగు వచ్చి కూర్చుంటుంది.

కలరా విబ్రియోకి ఉప్పు కలిసిన నీళ్లు ఇష్టం, రొయ్య జాతి పెంకులకి అతుక్కుని ఉంటుంది.

అన్నీ రోగాలు తెచ్చేవే అనుకోకు. మన చేలో వేరుశనగ వేళ్లకి బుడిపెలుంటాయి చూడు, అవి రైజోబియం చుట్టం బ్రాడీరైజోబియం కట్టుకున్న ఇళ్లు. గోటితో చీలిస్తే లోపల ఎర్రగా ఉందంటే పని జరుగుతున్నట్టే. గాలిలో నత్రజని పట్టి మొక్కకిస్తుంది, మొక్క దానికి తిండి పెడుతుంది. సెలవులకి వచ్చినప్పుడు ఒకటి నలిపి స్లైడు వేద్దాం. సఫ్రనిన్ చిన్న సీసా పట్రా, నా దగ్గరది అడుగంటింది.

మామయ్య