మూడు జతలంటూ ఏదీ ఉండదు

అమ్మడూ,

పోకర్ నేర్చుకుంటున్నానని, హ్యాండ్‌ల (ఐదు ముక్కల కూర్పుల) పట్టిక బట్టీ పడుతున్నానని రాశావు. ఆ పట్టిక కాసేపు పక్కన పెట్టు. జోకర్ లేని పేకలో ముక్కలు 52. వాటిలోంచి ఐదు ముక్కలు 25,98,960 రకాలుగా రావచ్చు. ఏది ఎంత అరుదుగా వస్తే అది అంత పెద్దది. వరుసంతా ఇందులోంచి పుట్టిందే.

అన్నిటికన్నా కింద ఏదీ కుదరని హ్యాండ్, హై కార్డ్ అంటారు. సగానికి పైగా అదే, 13,02,540. దానిమీద ఒక జత, ఆపైన రెండు జతలు, ఆపైన ఒకే అంకె మూడు. ఇంతవరకూ ఎవరూ తప్పు చేయరు. తర్వాత స్ట్రెయిట్, అంటే గుర్తుతో పనిలేకుండా ఐదు వరుస ముక్కలు. అది 10,200 రకాలు. దానిమీద ఫ్లష్, ఐదూ ఒకే గుర్తు. అది 5,108. మూడు ముక్కలాట అలవాటున్నవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఆ ఆటలో సీక్వెన్స్ (వరుస ముక్కలు) ముందు కలర్ (ఒకే గుర్తు) నిలవదు కదా. ఒకే గుర్తులో వరుసగా వచ్చే ప్యూర్ సీక్వెన్సులు తీసేస్తే మూడు ముక్కల్లో సీక్వెన్సులు 720, కలర్లు 1,096. ఐదు ముక్కలకి వచ్చేసరికి అది తిరగబడింది, అంతే.

ఫ్లష్ మీద ఫుల్ హౌస్, అంటే ఒకే అంకె మూడు, పక్కన ఇంకో జత. అది 3,744. ఒకే అంకె నాలుగూ వస్తే 624. ఒకే గుర్తులో వరుసగా ఐదు వస్తే స్ట్రెయిట్ ఫ్లష్, పది నుంచి ఆసు దాకా వచ్చే రాయల్ ఫ్లష్ నాలుగూ కలుపుకుని మొత్తం 40. నేను ఇన్నేళ్లుగా ఆడుతున్నా రాయల్ నా చేతికి రాలేదు. దానికోసం ఎదురుచూడకు.

ఆసు రెండు వైపులా పనికొస్తుంది. పది, జాకీ, రాణి, రాజు, ఆసు స్ట్రెయిట్ అవుతుంది, ఆసు, రెండు, మూడు, నాలుగు, ఐదు కూడా అవుతుంది. రాణి, రాజు, ఆసు, రెండు, మూడు మాత్రం చెల్లదు. ఇస్పేటు పెద్దది, కళావరు చిన్నది అనే తేడా కూడా లేదు. ఇద్దరివీ సమానమైతే పందెం చెరిసగం.

ఇక ఆట తీరు. ఎక్కువమంది ఆడేది టెక్సస్ హోల్డెమ్, నువ్వూ దానితోనే మొదలుపెట్టు. పంచినవాడికి ఎడమ పక్కనున్న ఇద్దరు ముక్కలు చూడకముందే చిన్న పందెం, పెద్ద పందెం వేయాలి, వాటిని బ్లైండ్స్ అంటారు. ఒక్కొక్కరికీ మూసిన ముక్కలు రెండు. ఒక విడత పందేలు అయ్యాక మధ్యలో మూడు ముక్కలు తెరుస్తారు, అది ఫ్లాప్. ఇంకో విడత తర్వాత నాలుగోది, టర్న్. ఆపైన ఐదోది, రివర్. చివరిగా ఇంకో విడత పందేలు. నీ వంతు వచ్చేసరికి ముందు ఎవరూ పందెం వేయకపోతే చెక్ అని ఊరుకోవచ్చు. ఎవరైనా వేసి ఉంటే అంత కట్టి కాల్ చెయ్యాలి, ఇంకా పెంచి రెయిజ్ చెయ్యాలి, లేదా ముక్కలు పడేసి ఫోల్డ్ చెయ్యాలి. ఫోల్డంటే రమ్మీలో డ్రాప్ లాంటిదే.

నీ రెండూ, మధ్యలోని ఐదూ కలిపి ఏడింటిలో మంచి ఐదే లెక్కలోకి వస్తాయి. ఈ మాట వినడానికి తేలిక. కొత్తలో నా చేతిలో రెండు నాలుగులున్నాయి. మధ్యలో జాకీలు రెండు, తొమ్మిదులు రెండు, ఒక ఆసు పడ్డాయి. "మూడు జతలు!" అని గట్టిగా అంటూ ముక్కలు పరిచేశాను. ఎదుటివాడి చేతిలో రాజూ, మూడూ, ఎందుకూ పనికిరాని ముక్కలు. నవ్వుతూ పాట్‌లో, అంటే పోగైన పందెంలో, సగం తనవైపు లాక్కున్నాడు. మూడు జతలంటే ఆరు ముక్కలు కదా! నా మంచి ఐదు మధ్యలోవే, వాడి మంచి ఐదూ అవే. నా నాలుగులు ఉత్త అలంకారం. ఆ అరుపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకే ఒంటరిగా కూర్చుని సాధన చెయ్యి. ఏడు ముక్కలు పరిచి నీ ఐదింటినీ పైకి చదువు, "రాజుల జత, పక్కన ఆసు, పది, ఏడు" అని. ఆ పక్క ముక్కే కిక్కర్. ఇద్దరి జతా ఒకటే అయినప్పుడు గెలుపోటములు తేల్చేది అదే. ఏడు ముక్కల్లో ఒక జత దాదాపు 44 శాతం సార్లు వస్తుంది, అందుకని జత పడగానే మొహం వెలిగిపోనివ్వకు. పందేనికి గుండీలు పెట్టుకో. డబ్బుతో మొదలుపెడితే ఆ టెన్షన్‌లో ముక్కలు కళ్లకు ఆనవు.

ఒక లెక్క ఇస్తున్నాను, పేక ముందు పెట్టుకుని చెయ్యి. మధ్యలో ఇస్పేటు పది, ఆఠీను పది, ఇస్పేటు తొమ్మిది, డైమను జాకీ, ఇస్పేటు రెండు. నీ చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు నాలుగు. నీది ఫ్లష్, అందులోనూ పెద్ద ఫ్లష్. అయినా నిన్ను ఓడించే రెండేసి ముక్కలు ఎదుటివాడి చేతిలో ఏవేవి ఉండొచ్చో అన్నీ రాసి పంపు. గుర్తులు పట్టించుకోకపోతే ఏడు రకాలున్నాయి. మధ్యలో రెండు పదులున్నాయన్న సంగతి మరచిపోకు.

మీ మావయ్య