సమీక్షకు సాఫ్ట్‌వేర్ ఎంపిక: ముందు చిన్న నమూనాతో పరీక్షించండి

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలను దెబ్బతీసే తెల్లమచ్చల వ్యాధిపై క్రమబద్ధ సాహిత్య సమీక్షకు (ముందే రాసుకున్న పద్ధతి ప్రకారం పరిశోధన వ్యాసాలను వెతికి జల్లెడ పట్టే పనికి) సాఫ్ట్‌వేర్ సాధనాలైన కోవిడెన్స్, రయ్యాన్, ఏఎస్‌రివ్యూలలో ఏది మేలని అడిగారు. పరిశీలకులు ఇద్దరేనని, నిధులు లేవని కూడా రాశారు. సదుపాయాల పట్టికలను పక్కన పెట్టి, మీరిద్దరూ ఇప్పటికే చదివి, సమీక్షలోకి తీసుకోవాలో వద్దో నిర్ణయించిన వంద వ్యాసాల వివరాలను ఆర్‌ఐఎస్ ఫైలుగా (శీర్షిక, రచయిత వంటి వివరాలను డేటాబేస్‌ల నుంచి దించుకునే ఫైలు రూపం) ఒక్కో సాధనంలోకి ఎక్కించి చూడడమే నమ్మదగిన పద్ధతి.

ముందుగా నకళ్ల ఏరివేతను గమనించండి. ఒకే వ్యాసానికి ఒక డేటాబేస్‌లో డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు) సంఖ్య మాత్రమే, మరొకదానిలో పూర్తి వెబ్ చిరునామా ఉండవచ్చు. రచయిత పేరు ఒకచోట పొడి అక్షరాలతో, మరోచోట పూర్తిగా ఉండవచ్చు. అలాంటి జంటలను కావాలనే కొన్ని కలిపి, సాధనం ఎన్నిటిని పట్టుకుందో, వేరువేరు వ్యాసాలను ఒకటిగా భావించి ఎన్నిటిని తీసేసిందో లెక్కించండి. రెండో తప్పు కంటికి కనబడదు కనుక అదే ఎక్కువ ప్రమాదం.

ఏఎస్‌రివ్యూ ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఉచిత, ఓపెన్ సోర్స్ సాధనం. మీ నిర్ణయాల నుంచి నేర్చుకొని, పనికొచ్చేలా కనిపించే వ్యాసాలను ముందుకు తెస్తుంది. అయితే వ్యాసాలు చూడడం ఎక్కడ ఆపాలన్నది మీరే ముందుగా సమీక్ష ప్రణాళికలో, అంటే ప్రోటోకాల్‌లో రాసుకోవాలి. కోవిడెన్స్‌కు చందా కట్టాలి. మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఆ చందా లేకపోతే దానిని వదిలేయండి. ఒకరి నిర్ణయం మరొకరికి కనబడకుండా దాచే బ్లైండ్ పద్ధతి రయ్యాన్‌లో ఉంది గనుక, మీ పరిస్థితిలో నేనైతే దానినే ఎంచుకుంటాను (ఉచిత ఖాతా పరిమితులను మాత్రం చూసుకోండి). సమీక్షలను నివేదించే మార్గదర్శకమైన ప్రిస్మా 2020 చిత్రంలో (ఏ దశలో ఎన్ని వ్యాసాలు మిగిలాయో చూపే పటం) పూర్తి పాఠం చదివాక తోసిపుచ్చిన వ్యాసాల సంఖ్యలను కారణాలతో సహా చూపాలి కాబట్టి, ఆ కారణాలు ఎగుమతి ఫైలులోకి వస్తున్నాయో లేదో నమూనా దశలోనే తెరిచి చూడండి.